ఇబ్రహీం కుతుబ్ షా – మూసీ నదిపై పాత వంతెన

గోలకొండ కుతుబ్ షాహీల పేరు వినగానే మన విద్యార్థులకు మొట్టమొదట స్ఫురించేది చార్మినారు. ఆ వెంటనే దానిని నిర్మింపజేసిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా. ఆ ముహమ్మద్ కులీకి స్థిరమైన రాజ్యాన్ని, నిండిన ఖజానాను, చెరువులను, చివరకు చార్మినారు వెలసిన ఆవలి ఒడ్డుకు దారిని సైతం సిద్ధపరచి ఇచ్చిన తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాను మాత్రం అంతగా తలచుకోము. తలచుకున్నా, తెలుగు తరగతిలో కవులను ఆదరించిన మల్కిభరాముడుగా ఒకసారి, చరిత్ర తరగతిలో విజయనగరంపై దండెత్తిన సుల్తానులలో ఒకడుగా మరొకసారి తలచుకొని ఊరుకుంటాము. ఆ మల్కిభరాముడు, ఈ సుల్తాను ఒక్కరేనన్న సంగతి చాలమంది విద్యార్థులకు ఆలస్యంగా తెలుస్తుంది.

అతని పరిపాలనకు సాక్ష్యంగా గ్రంథాలున్నవి, శాసనాలున్నవి, కోటగోడలున్నవి. కాని నాలుగున్నర శతాబ్దాలుగా ప్రతి వర్షాకాలమూ పరీక్షకు నిలబడుతున్న సాక్ష్యం ఒక్కటే ఉన్నది. అది మూసీ నదిపై 1578లో అతడు కట్టించిన వంతెన. మనం పురానాపూల్ అని పిలుచుకొనేది. ఇబ్రహీం జీవితాన్ని చెప్పే ఈ వ్యాసంలో ఆ వంతెనకు కొంత అధికంగా చోటివ్వడం అందుకే.

ఇబ్రహీం గోలకొండ రాజ్య స్థాపకుడైన సుల్తాన్ కులీ కుతుబుల్ ముల్కు కుమారులలో చిన్నవాడు. తండ్రి బహమనీ సుల్తానుల కొలువులో సాధారణ సైనికోద్యోగిగా ఆరంభించి, తెలంగాణ ప్రాంతానికి అధిపతియై, తుదకు స్వతంత్రుడైనవాడు. వార్ధక్యంలో ఆ మహావీరునికి శత్రువుల చేతిలో గాక సొంత ఇంటిలోనే ముప్పు వచ్చింది. 1543లో గోలకొండ కోటలోని మస్జిదులో అతడు హత్యకు గురియైనాడు. ఆ హత్య వెనుక ఉన్నవాడు రాజ్యకాంక్షతో ఉన్న కుమారుడు జంషీదే. యువరాజుగా ఉన్న పెద్ద కుమారుని కన్నులు పొడిపించి జంషీదు సింహాసనమెక్కాడు. ఆ సమయంలో ఇబ్రహీం దేవరకొండలో ఉన్నాడు. అన్న పిలుపు అందితే దాని అర్థమేమిటో గ్రహించలేనంత అమాయకుడు కాడు. మొదట బీదరుకు పోయి ఆశ్రయం వెదకినాడు. అక్కడి పాలకుని దృష్టి తన మీద గాక తన ఏనుగుల మీద, ధనం మీద ఉన్నదని తెలిసి, దక్షిణంగా ప్రయాణం సాగించి విజయనగరం చేరుకున్నాడు.

విజయనగరంలో అప్పటికి సదాశివరాయలు పేరుకు ప్రభువు. అధికారమంతా అళియ రామరాయలదే. ఆ రామరాయలు ఇబ్రహీమును ఆదరించి, జాగీరునిచ్చి, తన కొలువులో గౌరవస్థానంలో నిలిపినాడు. 1543 మొదలు 1550 వరకు, అంటే సుమారు ఏడేండ్లు, ఈ రాజకుమారుడు పరాయి రాజధానిలో అతిథిగా గడిపినాడు. యౌవనకాలంలోని ఏడేండ్లు మనిషిని మలచడానికి చాలినంత కాలం. అక్కడనే తెలుగు అతనికి వినికిడి భాష స్థాయి దాటి అభిమాన భాష అయింది. పద్యం చదివే తీరు, కవిని సన్మానించే పద్ధతి, కృతి స్వీకరించడంలోని మర్యాద అన్నీ రాయల కొలువులో కన్నులారా చూచినాడు.

అతడు చూచినది కవిత్వమొక్కటే కాదు. తుంగభద్రనుంచి కాలువలు తీసి రాళ్ళగుట్టల నడుమ ఉన్న నగరానికి నీరందించిన తీరు విజయనగరంలో ప్రతి అడుగునా కనిపించేది. విఠలాలయానికి దగ్గరగా, ఆనెగొంది వైపు, తుంగభద్రలో నిలువుగా పాతిన ఏకశిలా స్తంభాల వరుసలు నేటికీ నిలిచి ఉన్నవి. అది పూర్వపు వంతెన అవశేషం. స్తంభాలు మిగిలినవి, పైకప్పు పోయింది. స్తంభాలపై దూలాలు పరచి కట్టే ఆ పద్ధతికీ, తరువాత ఇబ్రహీం మూసీపై అనుసరించిన కమానుల పద్ధతికీ పోలిక లేదు. అయినా నది ఒడ్డున ఉండే రాజధానికి నీటివల్ల ఎంత మేలో, నీటికి అడ్డం నిలిచే కట్టడానికి ఎంత బలం కావాలో అతడు ఆ ఏడేండ్లలో గమనించకపోలేదని అనుకోవడానికి తగినంత ఆస్కారమున్నది.

1550లో జంషీదు మరణించాడు. పసివాడైన అతని కుమారుని గద్దెనెక్కించి, పెద్దల ముఠాలు రాజ్యాన్ని తలా ఒక వైపు లాగసాగినవి. అప్పుడు గోలకొండలోని ప్రముఖులు కొందరు ఇబ్రహీముకు వర్తమానమంపినారు. రామరాయల ఆమోదంతో అతడు బయలుదేరినాడు. త్రోవలో ముస్తఫా ఖాను వంటి అమీరులు వచ్చి చేరారు. కోటలోపల తెలుగు నాయకవాడీలు అతని పక్షం వహించి ద్వారాలు తెరిపించారు. కొడుకే తండ్రిని చంపించిన ఇంటిలో, అన్నకు భయపడి పరుగెత్తిన తమ్ముడు, పెద్దగా రక్తపాతం లేకుండా సింహాసనమెక్కడం ఆ కాలానికి అరుదైన సంగతి.

ముప్ఫై సంవత్సరాల ఆ పరిపాలనలోని యుద్ధాలన్నీ ఇక్కడ వివరించనవసరం లేదు. తూర్పున రాజమహేంద్రవరం 1570 దాటిన కొద్దికాలానికి గోలకొండ ఏలుబడిలోకి వచ్చింది. పాలన చివరి దినాలలో కొండవీడు లొంగింది. బందరు రేవు వర్తకం పెరిగింది. గోలకొండ కోట చుట్టూ రాతిగోడ లేచింది. మక్కా దర్వాజా వద్ద ఉన్న 1559 నాటి శాసనం ఆ పనికి సాక్షి.

అయితే ఒక్క యుద్ధాన్ని దాటిపోవడం న్యాయం కాదు. 1565 జనవరిలో దక్కను సుల్తానులు కలిసి కృష్ణానది దాటి రామరాయలతో తలపడినారు. ఆ కూటమిలో ఇబ్రహీం ఉన్నాడు. ఏ చేతి అన్నం ఏడేండ్లు తిన్నాడో ఆ చేతిపైననే కత్తి ఎత్తినాడు. రామరాయలు ఆ యుద్ధంలో మరణించాడు, విజయనగరం పాడైపోయింది. దీనికి ముందు రామరాయలు గోలకొండపై దండు నడిపి, పానగల్లు, ఘనపురం వంటి కోటలను ఇబ్రహీం నుంచి పుచ్చుకున్న మాట నిజం. ఒక సుల్తానుపై మరొక సుల్తానును ఉసిగొలిపి అందరినీ అవమానించిన మాటా నిజమే. రాజనీతి దృష్టితో ఇబ్రహీముకు వేరు మార్గం కనిపించి ఉండదు. అయినా ఈ విషయంలో అతని పక్షాన వాదించవలసిన అవసరం మనకు లేదు. చరిత్రలో గొప్పవారని మనం చెప్పుకొనే వారి జీవితాలలో ఇటువంటి పుటలుంటవి. వాటిని చింపివేసి చదువరాదు.

ఆ యుద్ధం తరువాత కూడా అతనికి తెలుగుపై ప్రేమ తగ్గకపోవడం గమనింపదగిన విషయం. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. ఇబ్రహీం అన్న పేరు తెలుగు పద్యపు నడకకు ఒదిగి ఇభరాముడైంది; మాలిక్ అన్న బిరుదం ముందు చేరి మల్కిభరాముడైంది. అరబ్బీ పేరు రామశబ్దంతో ముగిసే తెలుగు పేరుగా మారినా సుల్తాను కోపించలేదు, కవి సంకోచించలేదు. కందుకూరి రుద్రకవి అతని వలన చింతలపాలెం అగ్రహారం పొందినట్లు చెబుతారు. రాజును చూచి ఉద్యోగులు కూడా అదే త్రోవ పట్టినారు. పటాన్‌చెరు ప్రాంతపు అధికారి అమీన్ ఖాను, పొన్నికంటి తెలగనార్యుని చేత యయాతి చరిత్రను అచ్చతెనుగులో వ్రాయించి కృతిభర్త అయినాడు. సంస్కృత పదం చొరబడని తెలుగు కావ్యం కావాలన్న కోరిక ఒక ముస్లిం అధికారి ప్రాపున నెరవేరిందన్న విషయం, రెండు భాషలు పక్కపక్కన చదువుకొనే మన కళాశాల విద్యార్థులకు ఎవరైనా ప్రత్యేకంగా చెప్పవలసినదే.

ఇక నీటి సంగతి. మూసీ నుంచి కాలువ తీసి నింపిన హుస్సేన్ సాగరం అతని కాలపుదే. పని జరిపించినవాడు అతని అల్లుడు హుస్సేన్ షా వలీ. అందుచేతనే ఆ సరస్సుకు రాజు పేరు గాక అల్లుని పేరు నిలిచింది. ఇబ్రహీంపట్నం చెరువు రాజు పేరుతోనే ఉన్నది. ఈ చెరువులను తవ్వించిన పాలకుడు నీటిని నిలపడం నేర్చినవాడు. నీటిని పోనిచ్చి తాను నిలిచే కట్టడం వేరు విద్య. దాని అవసరం మూసీ వద్ద వచ్చింది.

గోలకొండ కోట మూసీకి ఉత్తరాన ఉన్నది. దక్షిణానికి, తూర్పు తీరానికి పోయే బండ్లు, ఏనుగులు, వర్తకపు బిడారులు నది దాటవలసినవే. మూసీ స్వభావం తెలిసినవారికి ఇందులోని కష్టం బోధపడుతుంది. ఎండాకాలంలో అది మోకాటి లోతు వాగు. అనంతగిరి కొండలలో గట్టి వాన కురిసిందంటే కొన్ని గంటలలో పొంగి ఇరు ఒడ్డులనూ వేరు చేసే నది. అటువంటి సమయంలో రాజధాని దక్షిణ భాగంతో సంబంధం కోల్పోతుంది.

ఈ వంతెనకు జనశ్రుతి చెప్పే కారణం వేరు. యువరాజు ముహమ్మద్ కులీ ఆవలి ఒడ్డున చిచిలం గ్రామంలోని భాగమతిని చూడడానికి పొంగే మూసీలో గుర్రాన్ని దుమికించాడనీ, కుమారుని ప్రాణంపై భయంతో తండ్రి వంతెన కట్టించాడనీ కథ. కథ రమ్యంగానే ఉన్నది. కాని వంతెన పూర్తి అయిన 1578 నాటికి యువరాజుకు పదమూడేండ్ల వయస్సు. అంత పెద్ద కట్టడానికి పట్టే కాలాన్ని వెనక్కు లెక్కిస్తే, పని ఆరంభమైన నాటికి అతడు ఇంకా చిన్నవాడు. ప్రేమకథ కోసం చరిత్రను కుదించనవసరం లేదు. రాజ్యపు రహదారికి వంతెన అవసరమైంది, రాజు కట్టించాడు.

గ్రంథాలలో ఇచ్చిన కొలతల ప్రకారం ఈ వంతెన పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు, నదీగర్భం నుంచి ఎత్తు 54 అడుగులు; కమానులు ఇరవై రెండు. కమాను అన్నది పై బరువును పక్కలకు నెట్టి స్తంభాల ద్వారా నేలలోకి దింపే ఉపాయం. రాయి నొక్కుడును ఎంతైనా భరిస్తుంది, లాగుడును భరించలేదు. కమానులో రాళ్ళన్నీ ఒకదానినొకటి నొక్కుకొనే ఉంటవి కనుక బరువు పెరిగినకొద్దీ బిగుస్తవే కాని విడిపోవు. ఇనుము లేకుండా, సిమెంటు లేకుండా, రాయి సున్నాలతో కట్టిన వంతెన శతాబ్దాలు నిలవడంలోని రహస్యమిదే. ఒక్క షరతు ఉన్నది: కింద స్తంభం కదలరాదు. స్తంభం ఒక పక్కకు దిగిందంటే కమాను బలమే దానికి శత్రువవుతుంది.

పదిహేడవ శతాబ్దిలో గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, ఈ వంతెన అందంలో పారిసు నగరంలోని పాంట్ నఫ్ వంతెనకు ఏమంత తీసిపోదని తన యాత్రాగ్రంథంలో మెచ్చుకున్నాడు. పారిసు వంతెనకు పునాది పడిన సంవత్సరం కూడ 1578 కావడం, అది ముగిసింది 1607లో కావడం చూస్తే, ఆ పోలికకు టావెర్నియే ఎరుగని అందం మరొకటి చేకూరుతుంది.

వంతెన పూర్తి అయిన తరువాత ఇబ్రహీం రెండేండ్లే జీవించాడు. 1580 జూన్ మాసంలో మరణించి, గోలకొండ సమీపంలో కుతుబ్ షాహీ సమాధుల మధ్య విశ్రమించాడు. పదిహేనేండ్ల ముహమ్మద్ కులీ రాజైనాడు. పదకొండేండ్ల తరువాత, 1591లో, అతడు దక్షిణపు ఒడ్డున హైదరాబాదు నగరానికి శంకుస్థాపన చేశాడు. తండ్రి వంతెన లేకపోతే ఆ స్థలంలో నగరం కట్టాలన్న ఆలోచన కార్యరూపం దాల్చడం కష్టమయ్యేది. కోటనుంచి కొత్త నగరానికి మనుషులు, రాళ్ళు, ధాన్యం అన్నీ ఆ ఇరవై రెండు కమానుల మీదుగా నడవవలసినవే. ఆ తరువాత నగరానికి ప్రాకారం లేచినప్పుడు వంతెన దక్షిణపు కొనను ఒక దర్వాజా వెలసింది. పదమూడు దర్వాజాలలో ఇప్పటికీ మిగిలిన రెండింటిలో అది ఒకటి. రెండవది దబీర్‌పురా దర్వాజా.

కట్టించిన రాజు పోయినా, అతని వంశం పోయినా, వరద పోదు. 1820లో మూసీ పొంగి వంతెనను దెబ్బతీసింది. నాటి పాలకుడు సికందర్ జా దానికి మరమ్మతు చేయించాడు. గోలకొండ వంశం అంతరించి నూట ముప్ఫై ఏండ్లు దాటిన తరువాత మరొక వంశపు పాలకుడు ఈ వంతెనను తన బాధ్యతగా స్వీకరించడం చిన్న సంగతి కాదు. కొత్త వంతెన కట్టిన వానికి పేరు వస్తుంది. పాత వంతెనకు మరమ్మతు చేయించినవాడు ఒక వాక్యంలో మిగిలిపోతాడు. మన దేశంలో పాత కట్టడాలు పాడుకావడానికి వరద ఎంత కారణమో ఈ లెక్కా అంతే కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తరువాత పందొమ్మిదవ శతాబ్దిలో చాదర్‌ఘాట్ వద్ద, అఫ్జల్‌గంజ్ వద్ద, ముసల్లం జంగ్ పేరిట కొత్త వంతెనలు లేచినవి. అవి రావడంతోనే ఇది పాత వంతెన అయింది.

1908 సెప్టెంబరు 28వ తేదీ హైదరాబాదు చరిత్రలో మరపురాని దినం. ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో అప్పటికి 788 చెరువులుండగా, కుండపోత వర్షానికి వాటిలో 221 తెగిపోయినవి. ఒక చెరువు నీరు దిగువ చెరువు కట్టను తెంచగా, ఆ రెండింటి నీరు మూడవదానిపై పడింది. అలా పెరిగిన ప్రవాహం సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులని తరువాతి అంచనా. నగరంలో సుమారు పదిహేను వేలమంది ప్రాణాలు కోల్పోయారు. కొత్త వంతెనలు మూడూ ఆ ప్రవాహానికి తాళలేకపోయినవి. ఇబ్రహీం వంతెన గాయపడింది కాని నిలిచింది. ఇరు ఒడ్డుల నడుమ దారిగా మిగిలింది అదే. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాను ప్రభుత్వం దానికి మరమ్మతు జరిపించింది.

ఆ మరుసటి సంవత్సరం హైదరాబాదు ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద పోయిన తరువాత ఆయన చేసిన పరిశీలనలో ఒక మెలకువ ఉన్నది. వంతెనల వద్ద ఎంత నష్టం జరిగిందో చూచి ఊరుకొనక, ఆ నీరు ఎక్కడినుంచి, ఎంత వేగంగా, ఏ మార్గాన వచ్చిందో ఎగువదాకా పోయి లెక్కలు కట్టించాడు. వంతెనను కాపాడవలసింది వంతెన వద్ద మాత్రమే కాదన్నది ఆ లెక్కల తాత్పర్యం. నగరానికి ఎగువన మూసీపై ఉస్మాన్ సాగర్ 1920 నాటికి, ఈసా నదిపై హిమాయత్ సాగర్ 1927 నాటికి పూర్తి అయినవి. వాటి నీరు త్రాగి పెరిగినవారికి అవి మంచినీటి చెరువులుగానే తెలుసు. కాని మొదటి ఉద్దేశం వరదను నిలిపి మెల్లగా విడవడమే. ఆ విధంగా ఆ రెండు జలాశయాలు దిగువనున్న ఇబ్రహీం వంతెనకు కూడా రక్షణ కవచమైనవి.

అయినా మూసీ పొంగడం మానలేదు. 2020 అక్టోబరులో హైదరాబాదుపై అసాధారణ వర్షం కురిసి నది పొంగినప్పుడు, పురానాపూల్ వద్ద స్తంభానికి దెబ్బ తగిలినట్లు కనబడడంతో రాకపోకలు నిలిపి ఇంజనీర్లు పరీక్షించవలసి వచ్చింది. ఇటువంటి పరీక్షలో ఏమేమి చూడవలసి ఉంటుందో మన సైన్సు విద్యార్థులు తెలుసుకోవడం ఉచితం.

సామాన్యులు వంతెన పైభాగం చూచి, పిట్టగోడ నిలిచి ఉన్నది, రోడ్డు పగులలేదు, కనుక క్షేమమే అనుకుంటారు. నిజానికి వరద వంతెనను కొట్టేది పైనుంచి కాదు. ప్రవాహానికి స్తంభం అడ్డు తగిలినప్పుడు నీరు చీలి, సుడి తిరిగి, స్తంభం పాదం వద్ద ఇసుకను తవ్వుకొనిపోతుంది. వరద ఉధృతంగా ఉన్నప్పుడు ఆ గుంట లోతు అత్యధికంగా ఉంటుంది. వరద తగ్గుముఖం పట్టగానే అదే నీరు తెచ్చిన ఒండ్రుతో గుంట పూడిపోతుంది. పైకి నేల చదునుగానే కనిపిస్తుంది. స్తంభం కింద మాత్రం గట్టి నేల బదులు నిన్నటి బురద ఉంటుంది. కనుక కంటితో చూస్తే చాలదు. కడ్డీ దింపి ప్రతి స్తంభం చుట్టూ ఎంత లోతున గట్టి నేల తగులుతున్నదో కొలిచి, ఆ కొలతలను గత సంవత్సరపు కొలతలతో పోల్చాలి. గత సంవత్సరపు కొలతలే లేకపోతే పోలిక ఎక్కడిది? వరద లేని సంవత్సరాలలో చేసే పరిశీలనకు విలువ ఇందువల్లనే.

తరువాత చూడవలసినది కమానుల అడుగుభాగం. రాళ్ళ సందులలోని సున్నం కొట్టుకొనిపోయిందా, ఏ రాయి అయినా జారిందా, కమాను పొడవునా పగులు పారిందా అన్నది ఒక్కొక్క కమాను కిందికి పోయి చూడాలి. కమానుల పైన, పక్కగోడల నడుమ నింపిన మట్టి నీటితో నాని బరువెక్కి గోడలను వెలుపలికి నెడుతుంది. ఆ ఉబ్బు మొదట దారం పట్టి చూస్తే గాని తెలియదు. వాననీరు బయటికి పోయే తూములు మూసుకొనిపోతే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. రాళ్ళ మధ్య మొలిచే రావి మొక్క కూడ వరదకు తోడునీడ. దాని వేరు తెరచిన సందులోనే మరుసటి ఏటి నీరు చొరబడుతుంది. కొమ్మ నరికితే ప్రయోజనం లేదు, వేరును చంపాలి.

మరమ్మతులో తొందరపాటు వరదకంటె ఎక్కువ హాని చేస్తుంది. పాత సున్నపు కట్టడానికి సిమెంటు పూత పూస్తే కొంతకాలం నునుపుగా కనిపిస్తుంది. కాని సున్నం కొంచెం వంగి సర్దుకొనే గుణం కలది, తేమను బయటికి విడిచేది. సిమెంటు బిరుసైనది, తేమను లోపలనే బంధించేది. రెండూ పొత్తు కుదరక రాయి పొరలు పొరలుగా రాలుతుంది. పాత పద్ధతిలో సున్నమే కూర్చి, కోతపడిన పాదాల చుట్టూ ప్రవాహం కదిలింపలేనంత పెద్ద రాళ్ళు పేర్చి, కమానులకు అడ్డం పడిన చెట్లనూ చెత్తనూ తీసివేసి నీటికి ఇరవై రెండు దారులూ తెరచి ఉంచితే, ఇబ్రహీం నాటి పనివారు ఉద్దేశించిన రీతిలో వంతెన తన పని తాను చేసుకుంటుంది. ఒక కమాను మూసుకుంటే దాని వాటా నీరు పక్క కమానుల నుంచి మరింత వేగంతో పోయి అక్కడి పాదాలను తవ్వుతుంది. ఎగువ ఒడ్డున మట్టి, శిథిలాలు పారబోసి నదిని ఇరుకు చేసేవారు వంతెనను ముట్టుకొనకుండానే దానికి హాని చేస్తున్నారన్న మాట.

పాత వంతెన పక్కన వాహనాల కోసం వేరొక వంతెన వచ్చింది. పాతదానిపై కొన్ని దశాబ్దాలుగా కూరగాయల అంగళ్ళు సాగినవి. ఏనుగులు నడిచిన చోట వంకాయల గంపలు దిగినవి. లారీల బరువు తప్పడం కమానులకు మేలే. కాని అంగళ్ళ తడి, చెత్త తూములలో చేరడం మేలు కాదు. ఇబ్రహీం కాలంలో ఎరుగని మరొక చిక్కు నదిలోనే ఉన్నది. పూర్వం సంక్రాంతి దాటేసరికి మూసీ సన్నగిల్లి స్తంభాల పాదాలు బయటపడేవి. చూడదలచినవాడు నడిచి పోయి చూచేవాడు. నగరం పెరిగి మురుగునీరంతా నదిలో చేరడంతో మూసీ ఏడాది పొడవునా ప్రవహించసాగింది. కనుక నేడు ఆ పాదాలను చూడదలచిన ఇంజనీరు సగం నదికి అడ్డుకట్ట వేసి, నీటిని మిగిలిన పదకొండు కమానుల వైపు మళ్ళించి, ఆ సగం చూచిన తరువాత కట్ట తీసి రెండవ సగానికి పోవలసి ఉంటుంది. ఆ పనికి అనువైన కాలం ఉగాదికి, తొలకరికి నడుమ ఉన్న కొద్ది వారాలు మాత్రమే.